ఓడిన చక్కెర

మా ఇంట్లో చక్కెర రెండు రకాలు. ఒకటి మామూలు చక్కెర, ఇంకొకటి ఓడిన చక్కెర. రుచిలో తేడా ఏమీ లేదు, రెండూ మా బాపు పనిచేసే ఫ్యాక్టరీ నుంచి వచ్చినవే. కాకపోతే ఓడిన చక్కెర ఏడాదికి ఒక్కసారే, జనవరి నెలాఖర్లో వచ్చేది. మా అమ్మను మేం అవ్వ అని పిలిచేవాళ్లం. అవ్వ దాన్ని డబ్బాలో పోస్తూ "ఇగో, ఈ యేడుది గుడ వచ్చింది" అనేది.

మాది బోధన్ దగ్గర. బోధన్ అనగానే అందరికీ గుర్తొచ్చే పెద్ద ఫ్యాక్టరీ కాదు మాది. రుద్రూర్ వైపు చెరుకు తోటల మధ్య, పెద్దదాని పేరు చెప్పుకుని బతికిన ఒక చిన్న ఫ్యాక్టరీ. దానికొక వాలీబాల్ టీము ఉండేది. ఏటా జనవరిలో ఒక కప్పు పెట్టి ఒక్కరోజు పోటీలు జరిపేవాళ్లు. నిజామాబాద్ నుంచి, నవీపేట్ నుంచి, వేల్పూర్ నుంచి టీములు వచ్చేవి. కప్పు మాదే, గ్రౌండు మాదే, వచ్చినవాళ్లకు పోసే చాయ్ మాదే. ఓడిపోవడం కూడా మాదే. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ కప్పు ప్రతి ఏడూ ఏదో ఒక జీపెక్కి నిజామాబాద్ పోవడమే చూశాను.

మావాళ్లకు ఆట రాదని ఎవరైనా అంటే నేను ఇప్పటికీ పోట్లాడతాను. పొద్దున జరిగే ఆటలన్నీ గెలిచేవాళ్లు. ఫైనల్ మధ్యాహ్నం మూడింటికి మొదలయ్యేది. చిక్కంతా అక్కడే. చెరుకు ఆడే కాలంలో ఫ్యాక్టరీ ఒక్క గంట కూడా ఆగదు. పొద్దున డ్యూటీలో ఉన్నవాళ్లు ఎలాగూ ఆడలేరు, కాబట్టి ఆడేవాళ్లలో సగంమంది సాయంత్రం డ్యూటీ వాళ్లే. నాలుగింటికి సైరన్ కూసేది. కూయగానే వాళ్లు బంతి వదిలేసి, చెప్పులు చేతపట్టుకుని గేటు వైపు ఉరికేవాళ్లు. అప్పుడే డ్యూటీ దిగినవాళ్లు, ఎనిమిది గంటలు నిలబడ్డ కాళ్లతో, చెమటకు ఒంటికి అంటుకున్న అంగీలతో వచ్చి వాళ్ల స్థానాల్లో నిలబడేవాళ్లు. తర్వాత ఏమయ్యేదో చెప్పనక్కర్లేదు.

ఎండాకాలంలో పెట్టుకోవచ్చు కదా అని ఎవరో ఒకరు ఏటా అడిగేవాళ్లు. ఎండాకాలంలో ఫ్యాక్టరీ బంద్ ఉంటుంది. "ఫ్యాక్టరీ నడవనప్పుడు ఫ్యాక్టరీ పండుగేంది?" అని బాపు వాళ్ల నోరు మూయించేవాడు.

బాపు ఆటగాడు కాదు. బంతి తన వైపు వస్తే పక్కకు జరిగే మనిషి. ఆయన పని పాన్ మీద. రసం చిక్కబడి చక్కెర పలుకు కట్టేది ఆ పెద్ద పాత్రలోనే. ఒక చుక్క గాజు ముక్క మీద వేసుకుని, వేళ్ల మధ్య రాసి చూసి, దింపాలా ఇంకాసేపు ఉంచాలా చెప్పేవాడు. ఆ చేతి మీద ఉన్న నమ్మకం ఆయనకు టీము మీద కూడా ఉండేది. పోటీల రోజు మాత్రం ఎవరినో బతిమాలి డ్యూటీ మార్చుకుని గ్రౌండుకు వచ్చేవాడు. వస్తూ, తను దింపిన పాన్ చక్కెర ఒక కిలో, గుడ్డ సంచిలో పోసి తెచ్చేవాడు. గెలిస్తే అక్కడికక్కడే అందరికీ పంచాలని.

ఆ సంచి మూతి కుట్టేది అవ్వ. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమట" అని నవ్వుతూనే కుట్టేది. ఆదివారం చర్చిలో ఊరందరి కోసం ప్రార్థన చేసే మనిషి, మా టీము కోసం చేయమంటే "దేవునికి వేరే పని లేదా?" అనేది. కానీ ఒక సంగతి నేను కొంచెం పెద్దయ్యాక గమనించాను. దుప్పట్లకు, లంగాలకు దగ్గర దగ్గరగా కుట్లు వేసే మా అవ్వ, ఆ సంచికి మాత్రం పెద్ద పెద్ద కుట్లు, అదీ వదులుగా వేసేది. గెలిచిన సంతోషంలో ఒక్క గుంజుకు విప్పుకునేటట్టు.

సాయంత్రం బాపు సైకిల్ దిగగానే అవ్వ ముందు సంచి వైపు చూసేది. కుట్లు అట్లాగే ఉండేవి. "ఓడిండ్రా?" అని అడిగేది. "ఓడినం" అనేవాడు. "పోనీ తియ్, వచ్చే యేడు సూస్కోవచ్చు" అని సంచి తీసుకుని, పళ్లతో దారం తెంపి డబ్బాలో పోసేది. ఆ చక్కెరతోనే ఆ పూట చాయ్.

నాకు తొమ్మిదేళ్లప్పటి ఫైనల్ ఒకటి కళ్ల ముందే ఉంది. మేం చెరుకు పిప్పి పరుచుకుని దాని మీద కూర్చున్నాం. గ్రౌండు గీతలు తెల్లగా మెరుస్తున్నాయి. రసం శుద్ధి చేసే సున్నమే గీతలకూ వాడేవాళ్లు. మా టీములో బాయిలర్ దగ్గర పనిచేసే ఒక పొడుగాయన ఉండేవాడు. ఆయన ఎగిరి కొడితే బంతిని ఎత్తినవాడు లేడు. చెరో సెట్టు అయింది. చివరి సెట్టులో మేం పదమూడు, నిజామాబాద్ వాళ్లు పదకొండు. ఇంకో రెండు పాయింట్లు. బాపు సంచి ఒళ్లో పెట్టుకుని దారం కొస వేలికి చుట్టుకున్నాడు. పొడుగాయన సర్వీసు కొట్టడానికి బంతి తీసుకున్నాడు. సైరన్ కూసింది.

ఆయన బంతిని మెల్లగా కింద పెట్టాడు. విసిరికొట్టలేదు. చెప్పులు తీసుకుని గేటు వైపు ఉరికాడు. ఆయన వెనక ఇంకో ఇద్దరు. అవతలివాళ్లు నవ్వుతున్నారు. ఆ తర్వాత మాకు ఒక్క పాయింటు కూడా రాలేదు.

నేను ఏడ్చాను. సైకిల్ మీద ఇంటికి వచ్చేంత సేపూ ఏడ్చాను. "ఐదు నిమిషాలు ఆలస్యంగ పోతే ఏమైతది బాపు? సైరన్ ఐదు నిమిషాలు ఆపి కొడితే ఏమైతది?"

బాపు సైకిల్ తొక్కుతూనే అన్నాడు: "ఈన పోకుంటే లోపలోడు బయటికెట్ల వస్తడు బిడ్డా? పొద్దుగాల్నుంచి మంట ముంగట నిలబడ్డడు ఆడు. గడియారం దిక్కే సూస్తుంటడు."

నాకప్పుడు అర్థం కాలేదు. కప్పు పోయిందన్నదే అర్థమైంది.

పదిహేడేళ్లు వచ్చేసరికి నేను నిజామాబాద్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను. ఆ ఏడు జనవరిలో మా క్లాసు అమ్మాయిలు కొందరు, వాళ్ల ఊరి టీము ఆడుతుందని బస్సెక్కి మా గ్రౌండుకు వచ్చారు. నేనూ వాళ్లతో వచ్చి అవతలి వైపు కూర్చున్నాను. ఇది మా ఫ్యాక్టరీ అని చెప్పాను. మా బాపు ఎదురుగా పిప్పి మీద, మాసిన ఖాకీ అంగీలో, ఒళ్లో సంచితో కూర్చున్నాడని చెప్పలేదు. నాలుగైంది, సైరన్ కూసింది, మావాళ్లు ఉరికారు. నా పక్కనున్న అమ్మాయి, "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, ఏటా సైరన్ మీద పెడ్తరట గదా వీళ్లు" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నిజామాబాద్ వాళ్లకు పాయింటు వస్తే అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

కొడుతూ తలెత్తితే బాపు నన్నే చూస్తున్నాడు.

ఆయన లేచాడు. గ్రౌండు చుట్టూ తిరిగి మా వైపు వచ్చాడు. అందరి ముందు తిడతాడనుకున్నాను, తిట్టినా బాగుండేది. చిన్నప్పటి నుంచి పోటీల రోజు నాకు వేయించిన పల్లీలు కొనివ్వడం ఆయన అలవాటు. కాగితం పొట్లం నా చేతిలో పెట్టి, వచ్చిన దారినే తిరిగిపోయి తన చోట కూర్చున్నాడు. "ఎవరే?" అని పక్కనున్న అమ్మాయి అడిగింది. "తెలిసినాయన" అన్నాను.

ఆ మాట అన్నందుకు నన్ను నేను ఇవాళ్టికీ క్షమించుకోలేదు. బాపు ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు. ఆయన గెలుపు చూసే రోజున ఆయన పక్కనే ఉండాలి, ఆ సంచి నేనే విప్పి పంచాలి, అప్పుడుగానీ నా తప్పు తీరదు అని మనసులో పెట్టుకున్నాను. అప్పటి నుంచి ఉద్యోగం వచ్చినా, పెళ్లయినా, ఆ ఒక్క రోజుకు సెలవు పెట్టి వచ్చేదాన్ని. ఏటా పక్కన కూర్చునేదాన్ని. ఏటా ఓడిపోయేవాళ్లం.

రెండు వేల సంవత్సరం దాటాక ఫ్యాక్టరీ మూతపడింది. ముందు రిపేర్లన్నారు, తర్వాత చెరుకు లేదన్నారు, ఆఖరికి గేటుకు కాగితం అంటించారు. బాపు రోజూ తెల్లారి లేచి, ఉతికిన ఖాకీ అంగీ వేసుకుని గేటు దాకా పోయి వచ్చేవాడు. నాలుగైతే మాత్రం ఇంట్లో ఉండలేకపోయేవాడు. సైరన్ కూయని నాలుగింటి వేళ ఆయనకు గడిచేది కాదు. లేచి వాకిట్లోకి పోయి నిలబడి, కాసేపటికి లోపలికి వచ్చేవాడు.

ఆ జనవరిలో చెరుకు ఆడలేదు. అయినా మావాళ్లంతా కలిసి కప్పు ఈసారి కూడా పెట్టాలనుకున్నారు. "ఫ్యాక్టరీ నడవనప్పుడు ఫ్యాక్టరీ పండుగేంది?" అని బాపు పాత మాటే అన్నాడు. అప్పుడు బాయిలర్ పొడుగాయన మా ఇంటికి వచ్చాడు. తల సగం నెరిసింది. "అన్నా, నువ్ రాకుంటే మాకు సూసేటోడెవడు?" అన్నాడు. బాపు ఇక కాదనలేకపోయాడు.

చక్కెర మాత్రం ఉంది. ఆఖరి సీజన్లో తను దింపిన ఆఖరి పాన్‌లోది, ఒక కిలో దాచుకున్నాడు. గడ్డ కట్టింది. అవ్వ రోకలితో మెల్లగా కొట్టి, సంచిలో పోసి, ఎప్పటిలాగే వదులుగా కుట్టింది.

గ్రౌండుకు సున్నం లేదు. బూడిదతో గీతలు గీశారు. పిప్పి లేదు, మట్టి మీదే కూర్చున్నాం. మూడింటికి ఫైనల్ మొదలైంది. మొదటి సెట్టు మాదే. రెండో సెట్టులో మేం పది, వాళ్లు ఎనిమిది ఉన్నప్పుడు పొడుగాయన సర్వీసుకు బంతి తీసుకుని ఆగిపోయాడు. చూస్తే మా ఆరుగురూ గేటు వైపు తిరిగి నిలబడ్డారు. చూసేవాళ్లం కూడా అటే తిరిగాం. నేను గడియారం చూసుకున్నాను. సరిగ్గా నాలుగు.

అవతలి టీములో అంతా కుర్రవాళ్లు, వాళ్లకు ఏం తెలుసు. "ఏమైంది అన్నా, కొట్టు" అన్నారు. అంపైర్ రెండుసార్లు విజిల్ వేశాడు. గేటు దగ్గర ఒక కుక్క పడుకుని ఉంది. ఎవరూ లోపలికి పోవాల్సిన పని లేదు, ఎవరూ బయటికి వచ్చేది లేదు. పొడుగాయన భుజంతో ముఖం తుడుచుకుని సర్వీసు కొట్టాడు.

మా ఆరుగురు ఆఖరి దాకా ఆడటం నేను చూసింది ఆ ఒక్కసారే. గెలిచాం. పదిహేను, పది.

ఎవరూ అరవలేదు. అవతలివాళ్లే చప్పట్లు కొట్టి వచ్చి చేతులు కలిపారు. పొడుగాయన కప్పు పట్టుకుని, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ చూశాడు. అది పెట్టాల్సిన ఆఫీసు గదికి తాళం ఉంది.

నేను సంచి మీద చెయ్యి వేశాను. ఇన్నేళ్లు ఎదురుచూసిన దారం కొస వేళ్ల మధ్యే ఉంది. "బాపు, గెలిచినం. పంచుదాం."

బాపు నా చెయ్యి పట్టుకుని పక్కకు జరిపాడు. "వద్దు బిడ్డా. ఇది గెలుసుడు గాదు."

సైకిల్ తొక్కలేదాయన. పక్కన పట్టుకుని నడిచాడు, నేనూ నడిచాను. దారి పొడుగునా చెరుకు లేని చేలు. ఏమైనా మాట్లాడదామనుకున్నాను. నా తప్పు గురించి, ఆ పల్లీల పొట్లం గురించి. అంతలోనే ఇల్లొచ్చింది.

అవ్వ వాకిట్లోనే ఉంది. చూపు సంచి మీద పడింది. కుట్లు అట్లాగే ఉన్నాయి.

"ఓడిండ్రా?"

నేను నోరు తెరిచేలోపే బాపు అన్నాడు: "ఓడినం."

"పోనీ తియ్, వచ్చే యేడు సూస్కోవచ్చు" అంది అవ్వ. పళ్లతో దారం తెంపి, చక్కెర డబ్బాలో పోసి, పొయ్యి మీద చాయ్ పెట్టింది. బాపు గోడకు ఆనుకుని కూర్చుని, సంచిలో మిగిలిన నాలుగు పలుకులు వేళ్ల మధ్య రాసుకుంటూ ఉన్నాడు. నేను ఏడుపు ఆపుకోలేక పెరట్లోకి పోయాను.

ఆ డబ్బా ఫాల్గుణం దాకా వచ్చింది. అది అయిపోయాక మా ఇంటికి మొదటిసారి దుకాణం నుంచి చక్కెర తెచ్చుకున్నాం.