పడమటి కిటికీలో కో బన్‌సీక్

లుకాంగ్ ఊళ్ళో బీలాన్ ఫోటో స్టూడియోకి అద్దాల కిటికీలు రెండు. పడమటి దానికి మధ్యాహ్నం దాటగానే వెదురు తెర దించేది. ఎండ తగిలితే రంగు ఫోటోలో ముందు ఎరుపు పోతుంది, చివరికి నీలమొక్కటే మిగులుతుంది. బియ్యం మిల్లు కో బన్‌సీక్ నిలువెత్తు ఫోటో తీయించుకుని, "ఎన్నికలొస్తున్నాయి, జనం కళ్ళల్లో పడేట్టు పెట్టు బీలాన్" అన్నప్పుడు, దాన్ని కావాలనే ఆ కిటికీలో పెట్టింది. తెర విప్పి అటక మీద పారేసింది.

ఆమె కడుపుమంట ఈనాటిది కాదు. మొగుడు తింగ్‌హో ఊళ్ళో పిల్లలందరికీ ఫోటోలు తీశాడు. సొంత కొడుకు ఆజిన్‌ని మాత్రం రేపు తీద్దాం, ఎల్లుండి తీద్దాం అంటూ జరిపాడు. పిల్లాడు జ్వరంతో మంచం పట్టాక గాని కెమెరా ఎత్తలేదు. పిల్లాడు దక్కలేదు. ఆ రీలు కడిగే ధైర్యం లేక, అది అలాగే ఉన్న కెమెరాతో తింగ్‌హో గుడి జాతరకు పనికి వెళ్ళాడు. అక్కడ జూదం చాప మీదున్న బన్‌సీక్, తన్నే తీస్తున్నాడనుకొని కెమెరా లాక్కున్నాడు. మూత తెరిచి రీలంతా మండుటెండలోకి లాగి, అందులోని బొమ్మలన్నీ చెరిపేశాడు. తింగ్‌హో కాళ్ళు పట్టుకున్నా వినలేదు. ఆ దిగులుతోనే తింగ్‌హో కూడా పోయాడు. ఆ పాపిష్టివాడి చేతులు పడిపోనూ అని బీలాన్ అగరొత్తి వెలిగించినప్పుడల్లా తిట్టుకునేది.

వేసవి ముగిసేసరికి కిటికీలో బన్‌సీక్ బుగ్గలు పాలిపోయి పెదాలు నీలమయ్యాయి.

"ఏంటక్కా, కో బాబుని ఐసుపెట్టెలోంచి తీసినట్టున్నావే," అంది నూడుల్స్ బండామె.

"ఓటేస్తావా మరి?"

"ఇంకా ఓటెందుకు, ఓ దండ పడేస్తే సరి."

పేటంతా ఆ మాటే చెప్పుకుని నవ్వింది. మర్నాడే బన్‌సీక్ ఊడిపడ్డాడు.

"నన్ను శవంలా నిలబెట్టావేంటి? తీసెయ్."

"మా ఆజిన్ రీలు తెచ్చివ్వు, తీస్తాను."

"ఏ ఆజిన్? ఏ రీలు?"

దొంగ నటన కాదు, నిజంగానే గుర్తు లేదు వాడికి. బీలాన్‌కి ఒళ్ళంతా భగ్గుమంది. జాతర, చాప, మొగుడు పట్టుకున్న కాళ్ళు, అన్నీ వాడి మొహాన కొట్టినట్టు చెప్పింది. బన్‌సీక్ కాస్త తగ్గాడు.

"అందులో పిల్లాడున్నాడని నాకేం తెలుసు? ఇంకో ఫోటో లేదా?"

"లేదు."

"ఎలా ఉండేవాడు?" అన్నాడు, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

బీలాన్ నోరు తెరిచింది. ముక్కు తండ్రిదే. పుట్టుమచ్చ ఉండేది బుగ్గ మీద. ఎడమ బుగ్గా, కుడి బుగ్గా? ఎంత తడుముకున్నా తట్టలేదు.

"చూశావా, నాక్కూడా గుర్తు లేకుండా చేశావు," అంది. "నీ ఫోటో అక్కడే ఉంటుంది బన్‌సీక్. అందులో ఉన్నది ఎవరని నీ పెళ్ళామే వచ్చి నన్నడగాలి."