పిలిస్తే వచ్చాను

కూలివాని మొరకు చెవియొగ్గే మన దేవునికి స్తోత్రం.

తుఫాను దాటిన మూడో ఉదయం, నౌపడ వెళ్లే బస్సులో నా పక్కన ఒక కాంట్రాక్టు లైన్‌మన్ కూర్చున్నాడు. ఒడిలో తాడు, స్తంభమెక్కే బెల్టు ఉన్నాయి. తెగిన కరెంటు లైన్లు సరిచేయాలని, సెలవులో ఉన్నవాణ్ణి సాలూరు నుంచి కాంట్రాక్టరు అత్యవసరంగా రమ్మన్నాడట. సంతకం చేసి తెమ్మని పంపిన కాగితం నాకు చూపించాడు. ‘స్వచ్ఛంద సేవకు వచ్చాను, ప్రమాదం జరిగితే బాధ్యత నాదే’ అని ఉంది.

“దేవుని సేవ అనుకో తమ్ముడూ, ప్రతిఫలం ఆయనే ఇస్తాడు” అన్నాను. సంఘంలో అందరికీ చెప్పే మాటే.

“సేవంటే నానిచ్చేది గదమ్మా. ఆళ్లు రాసేసుకుంటే అదేటి సేవ? మా బావ ఇలాటి కాగితం మీదే సంతకమెట్టి స్తంభం మీంచి పడిపోనాడు. ఈవేళకీ మంచం దిగలేదు. ఒక్కడూ వొచ్చి సూడలేదు.”

ఇంతలో కాంట్రాక్టరు ఫోను చేశాడు. లైన్‌మన్ బస్సంతా వినేలా జవాబిచ్చాడు.

“పిలిసింది నువ్వు. పిలిసినట్టే రాయి, ఎక్కుతాను. నేదంటే నువ్వే ఎక్కు బాబూ, నా బెల్టిస్తాను!”

బస్సు ఘొల్లున నవ్వింది. అతను నవ్వలేదు. నేను బైబిలు వాక్యాల కింద గీతలు గీసుకునే పెన్ను అడిగి తీసుకున్నాడు. ‘స్వచ్ఛంద సేవ’ నుంచి ‘బాధ్యత నాదే’ దాకా కొట్టేసి, ‘పిలిస్తే వచ్చాను’ అని రాసి సంతకం పెట్టాడు. పెన్ను తిరిగిచ్చి, తాడు భుజాన వేసుకుని దిగిపోయాడు.

‘దేవుని సేవ అనుకో’ అన్న ఆనాటి నా మాట మళ్లీ ఏ పనివానికీ చెప్పలేదు. అతను కొట్టేసిన మాటలు ఇంకెవరి కాగితం మీదా ఉండకూడదని నాతో కలిసి ప్రార్థించండి.