మైకులో చదవని పేరు

2006 అనుకుంటాను. సౌదీలో తబూక్ నుంచి రియాద్ వెళ్లే బస్సులో నేను ఫోన్లో తెలుగు మాట్లాడటం విని, పక్క సీటు మనిషి పలకరింపైనా లేకుండా చెప్పడం మొదలుపెట్టాడు. కడప వైపు డ్రైవరు. అతని కంపెనీలో తెల్ల ఇంజనీర్లకు పాత యుద్ధాల పిచ్చి. ఒక సెలవురోజు, ఎడారిలో పాడుబడిన టర్కీ రైలుకట్ట దగ్గర, మొదటి ప్రపంచయుద్ధంలో టర్కీవాళ్ల మీద అక్కడ జరిగిన దాడిని వేషాలు వేసుకుని మళ్లీ ఆడారు. గెలిచేవాళ్ల వేషాలు ఇంజనీర్లవి. చచ్చే టర్కీ సిపాయిలుగా కూలీలను నిలబెట్టారు.

"మా తమ్మునికి ఉన్ని కోటు తొడిగిరన్నా, ఆ ఎండలో. తుపాకి పేలినాక పడల్ల, మళ్లీ లేయకూడదు అనిరి. తుపాకి పేలకముందే వాడు పడిపాయ. బాగా చేసినాడని చప్పట్లు కొట్టిరి."

ఆట అయ్యేదాకా ఎవరినీ దగ్గరికి పోనివ్వలేదట. పోయేసరికి ప్రాణం లేదు.

"ఎండదెబ్బ, ఎవురి తప్పూ లేదు అన్యారు." అతని పిడికిలి ముందు సీటు మీద దభీమని పడింది. "వాడు వేసిన వేషం ఎప్పుడో సచ్చిన సిపాయిది. ఆ సిపాయి పేరు మైకులో చదివిరి. మావాని పేరు ఒక్కడన్నా అడిగినాడా?"

నా ఒళ్లు మండిపోయింది. "ఏం పేరు?" అన్నాను.

"మస్తాన్!" అని అరిచాడు. ముందు సీట్లవాళ్లంతా వెనక్కి తిరిగారు. బస్సు డ్రైవరు అరబ్బీలో గదమాయించాడు.

అతను లేచి నిలబడి, ఇంకా గట్టిగా అదే పేరు అరిచాడు. ఈసారి నేనూ అరిచాను.