అక్కను తెచ్చే ఓడ

మా అక్క తన కూతురి కాన్పుకని బ్రిస్బేన్ వెళ్ళింది. దారిలో, సముద్రం మీద, విమానం ఉన్నట్టుండి కిందికి జారి, లేచి, మళ్ళీ జారిందట. పక్క సీటులో ఎవరో తెల్లాయన ఉంటే ఆయన చేయి పట్టుకుని దిగేదాకా వదల్లేదట. దిగీ దిగకముందే నాకు ఫోన్ చేసింది.

"మన పొదటూరుపేట బస్సు ఎంతో మేలే. అది గుంతలో పడినా కింద నేలుంటాది. నేనింక విమానం ఎక్కనే ఎక్కను. వచ్చేటప్పుడు ఓడలో వస్తా."

"ఓడలో రావడానికి నువ్వేమన్నా ఉల్లిపాయల మూటవా?" అన్నాను.

భయం దిగితే మాట మారుస్తుందిలే అనుకున్నాను. బిడ్డ పుట్టింది, బోర్లా పడడం కూడా నేర్చుకుంది. అక్క మాట మారలేదు. ఎక్కనంటే ఎక్కనంది. చివరికి అల్లుడు, చాలా మంచివాడు, "ఎందుకత్తా అవస్థ, వీసా పొడిగిద్దాం, ఇక్కడే ఉండిపోండి" అన్నాడట. అక్క ఆ మాట నాకు చెప్పి, "చూద్దాం" అంది. మా అక్క నోట చూద్దాం అనే మాట నేనెన్నడూ వినలేదు. అప్పుడు పుట్టింది నాకు భయం.

తిరుత్తణిలో మా ఇళ్ళకు ఒకటే గోడ. ఆమె వంటింటి కిటికీ నా వంటింటి కిటికీని చూస్తూ ఉంటుంది. సాయంత్రం నేను తిరువళ్ళూరు కాలేజీలో పాఠాలు ముగించుకుని రైలు దిగి ఇల్లు చేరగానే, ఆ కిటికీలోంచి "వచ్చినావా కలెక్టరమ్మా, నీ పులుసు నేనే దించినాను, మాడిపోతా ఉన్నింది" అని వినిపించేది. నేను పొయ్యి ఆర్పే వెళ్ళానని నేనూ, ఆర్పలేదని ఆమే, రాత్రి భోజనాలదాకా వాదించుకునేవాళ్ళం. ఆమె వెళ్ళాక ఎంత మాట్లాడినా నాకు ఎదురు చెప్పేవాళ్ళు లేకపోయారు. మా ఆయన లుంగీల వ్యాపారి. ఎవరేమన్నా "సరే" అనడం ఆయనకు అలవాటు. సరే అనే మనిషితో ఎంతసేపని పోట్లాడగలం?

అందుకని ఓడే వెతుకుదామన్నాను. మా ఆయన "సరే" అని ఫోన్లో వీడియోలు చూడసాగాడు.

"పెర్త్ నుంచి సింగపూరుకు ఒకటి ఉండాది. తొందరగా వచ్చేస్తాది," అన్నాడు ఒకరోజు, గెలిచినవాడిలా.

"బ్రిస్బేన్ నుంచి పెర్త్‌కు ఎట్లా పోతుంది బావా?"

"విమానంలో."

ఆ మాట అన్నాక ఆయనకే తెలిసివచ్చి, లేచి కొట్టుకు వెళ్ళిపోయాడు.

మా కాలేజీ దగ్గర మణవాళనగర్లో ట్రావెల్స్ నడిపే అమ్మాయి ఒకతె ఉంది. ఆమె చేసేదంతా కాశీ, రామేశ్వరం బస్సులు. ఓడ అనగానే మొదట నవ్వింది. తర్వాత పట్టుదలగా వెతికి, రెండు పట్టుకుంది. వేసవి సెలవులు మొదలయ్యే వేళకు ఆస్ట్రేలియా వైపున్న ఓడలు కొన్ని ఆసియా వైపు మళ్ళుతాయట. అందులో ఒకటి బ్రిస్బేన్ నుంచి దాదాపు ఎక్కడా ఆగకుండా సింగపూరు చేరుతుంది. రెండోది తీరం పట్టుకుని పైకి పోతూ, ఊరూరా ఆగుతూ, డార్విన్, బాలి చూపించి, తీరిగ్గా చేరుతుంది.

"ఆగనిదే తియ్యి," అన్నాను. నాకు కావలసింది అక్క గాని బాలి కాదు.

ఆ సంగతి చెబితే అక్క ఒప్పుకోలేదు. "నేల కనపడకుండా అన్ని దినాలా? నా వల్ల కాదు."

"అయితే ఆగేదే తీస్తా."

"అంతదాకా తినేదేముంటాదే ఆడ? సాంబారు చేస్తారా?"

చేస్తారో లేదో గాని శాకాహారం పెడతారని ట్రావెల్స్ అమ్మాయి కనుక్కుంది. మర్నాటికి ఇంకో ప్రశ్న.

"మంచం తలకాయ యా దిక్కుకు ఉంటాది? ఉత్తరం తల పెట్టుకుని నేను పండుకోను."

"ఓడ తిరుగుతూ పోతుందక్కా. పొద్దున ఉత్తరమైతే రాత్రికి పడమర."

"తిరగని గది అడగరాదా?"

ఓడలో తిరగని గది! ఇది అడిగి ట్రావెల్స్ అమ్మాయి దగ్గర నా పరువు తీసుకోలేదు. కిటికీ ఉన్న గది అడిగాను, ఉందంది. అక్కకు చెబితే, కిటికీ ఉంటే నీళ్ళు చూసి తల తిరుగుతుందంది. కిటికీ లేనిది తీస్తానంటే అది గదా, గోతామా అంది. ఆ వారమంతా నేను ఏ ఓడను మెచ్చుకున్నా ఆమె దానికో బొక్క కనిపెట్టింది. రాకూడదనే నిశ్చయించుకుందేమో, మనవరాలి మురిపెంలో పడి ఈ గోడ, ఈ కిటికీ మరచిపోయిందేమో అని నాకు ఉక్రోషం వచ్చింది. శనివారం మధ్యాహ్నం ట్రావెల్స్‌కు వెళ్ళి కూర్చుని, అక్కడినుంచే ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టాను. ఇవాళ తేలాల్సిందే అన్నాను.

ట్రావెల్స్ అమ్మాయి వినయంగా మొదలుపెట్టింది. "అమ్మా, సీజన్ పోతే ఓడ కిడైక్కాదు, మళ్ళీ దొరకదు. ఒక్కటి మాత్రం చెప్పాల. గది ఇద్దరిది. ఒక్కరే పోయినా ఇద్దరి టికెట్టూ కట్టాల."

నాకు ఒళ్ళు మండింది. "ఇదెక్కడి న్యాయం? రాని మనిషికి కూడా విస్తరి వేసి వడ్డిస్తారా?"

"రూలు మేడం. మంచాలు రెండుంటాయి."

ఈ అన్యాయానికి అక్క నాకంటే ఎక్కువ ఎగురుతుందనుకున్నాను. ఎగరలేదు, నెమ్మదిగా అడిగింది.

"ఆ రెండో మంచం ఊరికేనే ఉంటాదా?"

"ఊరికేనే."

"దాంట్లో ఎవురూ ఉండరా?"

"ఉండరు."

"నడి సముద్రంలో, తలుపేసుకుంటే నేనొక్కదాన్నేనా?"

సాంబారు, దిక్కు, కిటికీ అన్నీ ఎక్కడినుంచి వచ్చాయో అప్పుడు అర్థమైంది. అక్క అన్నం లేకపోతే ఉండగలదు, మాట లేకపోతే ఉండలేదు. రమ్మని అడగడం మాత్రం ఆమెకు చేతకాదు. మా ఇంట్లో ఆ విద్య ఎవరికీ రాదు.

"నాకు సెలవులే కదా," అన్నాను, గోడమీది కాశీ బొమ్మను చూస్తూ. "పాస్‌పోర్టు కూడా చేయించి పెట్టుకున్నాను, ఊరికే పడుంది."

"నువ్వొస్తావా? అంత దూరం విమానంలోనా? నీకు భయం లేదా?"

"ఉంది. తెల్లాయన ఎవరైనా దొరక్కపోడు, చేయి పట్టుకోవడానికి."

అక్క నవ్వింది. నవ్వి, ముక్కు చీదుకుంది.

"సింగపూరు నుంచి మద్రాసుకు ఓడ లేదమ్మా, విమానమే," అని ట్రావెల్స్ అమ్మాయి నిజాయితీగా గుర్తుచేసింది. ఆ నిజాయితీకి ఆమెను కొట్టాలనిపించింది.

"నాలుగు గంటలే కదా," అంది అక్క. "ఇది పక్కన కూర్చోనుంటే అరుస్తానే ఉంటాది. విమానం చప్పుడు నాకేం వినపడతాది?"

మా ఆయనకు ఫోన్ చేశాను. "సరే" అంటాడనుకున్నాను. "మీరిద్దరూ ఎక్కితే ఆ ఓడకు దిక్కెవరు?" అని అడిగాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళకు ఎదురు మాట! ఆ వెంటనే, "వదిన్ని తీసుకునే రా. కిటికీ మూసి ఉంటే ఇల్లు బాగలేదు," అన్నాడు.

ఆగుతూ వెళ్ళే ఓడే తీయమన్నాను. నాకు బాలి చూడాలనిపించడం మొదలైందని ఒప్పుకోవడానికి అభ్యంతరం లేదు.

ట్రావెల్స్ అమ్మాయి అన్నీ నింపి, చివర తలెత్తింది. "మేడం, గదిలో మంచాలు విడివిడిగా వేయమనాల్నా, కలిపి వేయమనాల్నా?"

"విడిగా. ఆమె నిద్రలో తంతుంది," అన్నాను.

"కలిపే వేయమను పాపా," అంది అక్క స్పీకర్లోంచి. "అది అట్లనే అంటాది."

ట్రావెల్స్ అమ్మాయి నావైపు చూసింది. నేను గోడమీది కాశీ బొమ్మవైపు తిరిగేసరికి, కలిపి అని నొక్కింది.