రెండో ఏడాది పాఠం

మా పెద్ద వదినకి కడుపుమంట ఎక్కువ. నేను కల్పించిన మాట కాదు, ఆవిడే ఒప్పుకుంటుంది. "ఉంది, అయితే ఏంటట?" అంటుంది.

మొదట్లో ఒక క్లినిక్‌లో రిసెప్షనిస్టు. టోకెన్లు ఇవ్వడం, ఎవరైనా ఆయాసపడుతూ వస్తే ముందుకు పంపడం, వెనకవాళ్ళు ఒంటికాలి మీద లేస్తే సముదాయించడం ఆవిడ పని. ఈ గోలంతా కంప్యూటర్‌కి అప్పజెప్పాలని తనంతట తనే ప్రోగ్రామింగ్ నేర్చుకుంది. కాలేజీ గడప తొక్కలేదు. వరసంతా కదపకుండా అవసరమున్న మనిషిని చిటికెలో ముందుకు తెచ్చే ఉపాయం కోసం రెండేళ్ళు తల బద్దలు కొట్టుకుంది. కూరలు మాడాయి, అన్నయ్య అలిగాడు, చివరికి దొరికింది. దానికి "సర్దుడు" అని పేరు పెట్టుకుంది. అది చూసే ఒక చిన్న కంపెనీ ఆవిడకి ఉద్యోగం ఇచ్చింది.

తర్వాత చిన్న వదిన వచ్చింది. కంప్యూటర్ సైన్సులో పట్టా. అదే ఆఫీసులో చేరి, మొదటి వారమే సర్దుడు తెరిచి చూసి, "అక్కా, ఇది హీప్ అనే పద్ధతి కదా! మాకు కాలేజీలో రెండో ఏడాదిలోనే చెప్పారు" అంది సంబరంగా.

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అంటారు. చిన్న వదిన నవ్వి ఉన్నా బాగుండేది, పెద్దావిడ నాలుగు తిట్టి ఊరుకునేది. మెచ్చుకునేసరికి పెద్ద వదిన మింగలేక కక్కలేక అయిపోయింది. ఇంటికొచ్చి నా మీద పడింది. "రెండేళ్ళు చచ్చాను! దానికి ఒక పూట పాఠమట!"

అంతలో ఆఫీసులో ఆ సర్దుడు ప్రోగ్రాంనే కొత్తగా రాయాలన్నారు. ఎవరు పెద్దగా ఉండాలో మేనేజరు ఇంకా తేల్చలేదు. "నా బిడ్డని తీసుకెళ్ళి దాని చేతిలో పెడతారు చూడు" అని పెద్ద వదిన అన్నం సరిగా తినలేదు. ఉప్పు కావాలన్నా తోడికోడలిని నా చేతే అడిగించింది.

చివరికి చిన్న వదినే మేనేజరుతో చెప్పింది, "అక్కే ఉండాలండీ, నేను ఆవిడ కింద చేస్తాను" అని.

ఆ సాయంత్రం పెద్ద వదిన తనే టీ పెట్టి తెచ్చింది. కాస్త మెత్తబడి అడిగింది.

"ఆ హీప్ పాఠం మీ సారు ఎలా చెప్పారే? బొమ్మ గీశారా? అర్థం కాకపోతే మళ్ళీ అడగనిచ్చేవారా?"

చిన్న వదిన నవ్వేసింది. "ఏమో అక్కా, భోజనం తర్వాత క్లాసది. వెనక బెంచీలో నిద్రపోయాను. పరీక్షకి ముందు చదువుకున్నాలే."

పెద్ద వదిన కప్పు కింద పెట్టేసింది. నేను పదవి మాట ఎత్తినా వినిపించుకోలేదు.

"ఆ క్లాసులో నన్ను కూర్చోబెట్టి ఉంటే, రెప్ప వాల్చేదాన్ని కాదు" అంది.