పడుగు దిగేదాకా ఆగమన్నది నేనే

"పెద్దాసుపత్రికి ఆ పొద్దే పొమ్మని చెప్పినానా లేదా అక్కా? నా మొగం చూసి చెప్పు."

"నువ్వేమీ చెప్పలేదు."

ఆ నర్సమ్మకూ నాకూ మధ్య జరిగిన చివరి మాటలు ఇవే. ముందుది ఆమె మాట. రెండోది నాది. నాది అబద్ధం. నా భర్త పోయాక విచారణకు వచ్చిన ఆఫీసరు ఎదుట ఆడిన అబద్ధం. ఏళ్లు గడిచినా దాన్ని ఎవరి ముందూ ఒప్పుకోలేదు. నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. అందుకని నేను చెబుతుంటే నా తమ్ముడి కోడలు రాస్తోంది. చిత్తూరు బళ్లో చదివిన పిల్ల, తెలుగు రాయగలదు. ఇది చదివే మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్ల ముందైతే నోరు పెగలదు.

మాది తమిళనాడులోని గుడియాత్తం. లుంగీలు నేసే ఇల్లు. నా భర్తకు షుగరు ఉండేది, అరికాలిలో పుండు పడింది. మా వీధి దగ్గరి సర్కారు ఆసుపత్రిలో ఆ నర్సమ్మే చూసేది. ఉద్యోగం చేస్తూనే పైచదువు చదివి, షుగరు, బీపీ, పుళ్లు తానే చూసి మందులిచ్చేలా తయారైన మనిషి. చేసేది డాక్టరు పని, చేతికొచ్చేది చేరిన నాటి కాంట్రాక్టు జీతం. ఆ చదువుకు తగిన పోస్టూ పర్మినెంటు జీతమూ ఆ ఏడే వస్తాయని ఆసుపత్రిలో అందరూ అనుకునేవాళ్లు.

ఆ రోజు కట్టు విప్పి చూడగానే ఆమె ముఖం మారింది. "నల్లబడతా ఉండాది అక్కా. ఇది ఈడ అయ్యే పని కాదు. ఇట్నుంచి ఇట్లే వేలూరు పోండి. చీటీ రాసిస్తా" అంది.

"రేపొచ్చి తీసుకుంటాంలేమ్మా" అన్నాను.

ఎందుకన్నాను? మగ్గం మీద పడుగు ఉంది, అంటే నేయడానికి ఎక్కించిన నిలువు దారాలు. ఎక్కించిన పడుగు సగంలో ఉండగా నేసేవాడు ఊరు దాటకూడదని మా అత్తగారింట్లో పట్టింపు. దాటితే ఆ మగ్గం మళ్లీ ఆడదని భయం. ఆయన దారిలో ఆగి, "పోదామా మే? నొప్పి ఓర్చుకోలేకుండా ఉండా" అన్నాడు. "పడుగు దిగనీ, పోదాం" అన్నాను. ఆయన కుంటుకుంటూ వచ్చి కాళ్లు పెట్టే గుంటలోకి దిగి, ఆ పుండు కాలితోనే మగ్గం తొక్కాడు. నాలుగు రోజులకు నేత ముగిసి పడుగు దిగింది. మేం వేలూరు చేరేసరికి విషం ఒళ్లంతా పాకిందన్నారు. మనిషి తిరిగి రాలేదు.

కర్మలు కాకముందే మా మరిది గొంతు లేచింది. "డాక్టరు చూడాల్సింది నర్సు చూస్తే ఇంతే! ఆమెకు కోటు ఒకటే తక్కువ!" అన్నాడు. అందరూ తలలూపారు. నేనూ ఊపాను. ఆ నిమిషంలో నాకు ఎంతో తేలికైంది. నర్సు చంపిందంటే నేను చంపనట్టే కదా? ఆమె చెప్పింది విన్నవాళ్లం ఇద్దరమే, ఆయనా నేనూ. ఆయన లేడు. చీటీ రాయనిచ్చిందే లేదు. ఆఫీసరు అడిగినప్పుడు తన మొగం చూసి చెప్పమంది ఆమె. నేను నేల చూసి చెప్పాను.

కాస్త తిట్టి వదిలేస్తారనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నానా? లేక, అలా అనుకుంటేనే నిద్ర పడుతుందని అనుకున్నానా? ఆమెను పరదరామి వైపు చిన్న ఆసుపత్రికి మార్చారు. అంతటితో అయిపోయిందని నాకు నేనే చెప్పుకున్నాను.

మొన్న షుగరు మాత్రలకు పోయినప్పుడు, మా ఆసుపత్రికి కొత్తగా వచ్చిన చిన్న నర్సమ్మను అందరూ మేడం అంటుంటే, "పరదరామికి మారిన పెద్ద సిస్టరు ఎట్లుండారమ్మా?" అని అడిగాను.

"మాకు పని నేర్పింది ఆమే అవ్వా. మేమంతా పై పోస్టుకు వచ్చినాం. ఆమె మాత్రం ఇంకా అదే కాంట్రాక్టులో ఉండారు. ఎవరో పేషంటు పెండ్లాం చెప్పిన మాట అడ్డం పడిందంట. ఈసారి మళ్లీ పోస్టులు నింపతా ఉండారు, ఆమె వయసుకు ఇదే ఆఖరు" అంది.

ఆ పెండ్లాన్ని నేనేనని చెప్పలేక మాత్రలు తీసుకుని వచ్చేశాను.

ఇక ఆగను. సోమవారం వేలూరులో వాళ్ల పెద్దాఫీసుకు పోతున్నాను. ఆమె చెప్పింది, నేనే విన్లేదు, తర్వాత అబద్ధమాడాను అని నా పేరుతో చెప్పి, సంతకం పెట్టి, కావాలంటే వేలిముద్ర కూడా వేస్తాను. మా మరిది ఇల్లు ఖాళీ చేయమంటాడేమో. అననీ. ఆమెకు పోస్టు వస్తుందో రాదో నాకు తెలియదు, వచ్చినా పోయిన ఏళ్ల జీతం ఎవరిస్తారు? క్షమించమని ఆమె గడప తొక్కను. ఆమె మంచిది, సరేలే అక్కా అంటుందేమో. ఆ మాట వినే అర్హత నాకు లేదు.

కానీ నిజం బయటికి వచ్చింది. ఇన్నేళ్లలో మొదటిసారి ఈ మాట నా నోరు దాటింది.

ఏమే పిల్లా, ఏడవకుండా రాసినావా అంతా? అత్త బాధపడతాదని యాడన్నా మెత్తగా మార్చినావేమో. చదువు, వింటా.