ఇరవై నాలుగో మనిషి

కండక్టరమ్మ రిటైరై అప్పటికి ఏడు నెలలైంది. ముప్పై ఒక్క ఏళ్లు దూరప్రయాణపు బస్సుల్లో నిలబడి బతికిన మనిషికి, ఇంట్లో కుర్చీ కదలకుండా ఉండటమే వింతగా తోచేది. అసలు పేరుతో ఆమెను పిలిచేవాళ్లు దాదాపు లేరు. పాలవాడికీ, పక్కింటి పిల్లలకీ ఆమె కండక్టరమ్మే. పొట్టి మనిషి, గొంతు మాత్రం బస్సుకు సరిపడా ఉండేది. వెనక సీట్లో గురకపెట్టేవాణ్ణి ముందు తలుపు దగ్గర్నుంచే లేపుతుందని డిపోలో చెప్పుకునేవాళ్లు.

ఉద్యోగంలో చేరిన ఆరో ఏట ఆమె ఒక తప్పు చేసింది. టీ కోసం బస్సు ఆగిన చోట, డ్రైవరు తొందరపెడుతుంటే, తలలు లెక్కపెట్టకుండా "అందరూ వచ్చారా?" అని ఊరికే అడిగింది. "వచ్చాం, వచ్చాం" అని బస్సంతా ఒకే గొంతుతో పలికింది. రైట్ చెప్పేసింది. టీ కొట్టు వెనకాల చేతులు కడుక్కుంటున్న ఒక ముసలావిడ మిగిలిపోయింది. బస్సు వెనక పరిగెత్తి, రోడ్డు పక్క పడి, తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. కండక్టరమ్మ ఆసుపత్రికి వెళితే ఆవిడ తిట్టలేదు. "చెయ్యి ఊపాను తల్లీ. నువ్వు చూళ్లేదు" అని మాత్రం అంది. ఆ తర్వాత పాతికేళ్లలో ఆమె ఎప్పుడూ ప్రయాణికుల మాట మీద బస్సు కదపలేదు. మొహం మొహం చూసి లెక్కపెట్టేది. రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. పెళ్లి భోజనాల్లో, బ్యాంకు వరసలో ఆమె కళ్లు వాటంతటవే మొహాలు ఏరుకుంటూ పోయేవి.

ఓడ ప్రయాణం ఆమె తోడికోడలి పట్టుదల. ఆ తోడికోడలు బ్యూటీ పార్లరు నడుపుతుంది. ఏడాది పొడుగునా ఇతరుల మొహాలు చూసీ చూసీ విసుగెత్తిందనీ, నాలుగు రోజులు సముద్రం మొహం చూస్తాననీ అంది. తీరం వెంబడే పోయే ఓడ, మూడు బీచి ఊళ్లలో ఆగుతుంది. వీళ్ల మొగుళ్లు, అన్నదమ్ములిద్దరికీ నీళ్లంటే భయం కాబట్టి ఇంటి కాపలాకు ఉండిపోయారు. వీళ్లిద్దరికీ కింది అంతస్తులో, కిటికీ లేని క్యాబిన్ ఇచ్చారు. రెండు మంచాల మధ్య ఒక మనిషి పక్కకి తిరిగి నడిచేంత చోటు. గోడ వెనక యంత్రం ఆగకుండా మూలుగుతూ ఉండేది. "నా డ్యూటీ బస్సులో పడుకున్నట్టే ఉంది" అని కండక్టరమ్మ హాయిగా నిద్రపోయింది. తోడికోడలికే కంటిమీద కునుకు పడలేదు.

మొదటి ఊళ్లో టోపీలు కొనుక్కుని, ఫోటోలు దిగి వచ్చేశారు. ఓడ మెట్లెక్కుతూ కండక్టరమ్మ పెదాలు కదుపుతుంటే తోడికోడలు మోచేత్తో పొడిచింది.

"అక్కా, మళ్లీ మొదలుపెట్టావా? ఇక్కడ నీకెవరూ జీతం ఇవ్వరు."

రెండో ఊళ్లో ఓడ తీరానికి దూరంగా ఆగింది. ఊరి జెట్టీ నుంచి మోటారు పడవల్లో ఒక ఇసుక దిబ్బకు తీసుకెళ్తారు. ఆటు ఉన్నప్పుడు మూడు నాలుగు గంటలు మాత్రమే బయటపడే దిబ్బ అది. పోటు మొదలైతే నడుంలోతు నీళ్ల కింద మాయమైపోతుంది. వీళ్ల పడవలో ఇరవై నలుగురు ప్రయాణికులు, పడవ నడిపే సరంగు, పచ్చటోపీ పెట్టుకున్న గైడు. కండక్టరమ్మకు ఎదురుగా డెబ్బై ఏళ్ల మనిషి ఒక్కడే కూర్చున్నాడు. గడ్డం నున్నగా గీసుకుని, మెళ్లో నీలం తువ్వాలు వేసుకున్నాడు. దారిలో రెండు చెవుల్లోంచీ వినికిడి మిషన్లు తీసి చిన్న డబ్బాలో పెట్టి, డబ్బాను సంచిలో వేసుకున్నాడు.

"నలభై ఏళ్లు ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేశానమ్మా. మిషన్ల మోతకి చెవులు పోయాయి" అన్నాడు, అవసరానికి మించి గట్టిగా. "ఇవి తడవకూడదు. తీసేశానంటే ఇక మీరు మైకు పెట్టి పిలిచినా నాకు వినపడదు."

దిబ్బ మీద అందరూ విరగబడి ఫోటోలు దిగారు. అప్పటికే అక్కడ ఇంకో పడవ ఉంది. అందులో వచ్చిన ఫోటోగ్రాఫరు మెళ్లో రెండు కెమెరాలతో గుంపు నుంచి గుంపుకు తిరుగుతున్నాడు. పెద్దాయన నీటి కళ్లద్దాలు పెట్టుకుని, చేపలు చూస్తానంటూ దిబ్బ చివరికి నడుచుకుంటూ పోయాడు. మూడున్నరకు గైడు ఈల వేశాడు. నీళ్లు అప్పుడే పాదాలను తాకుతున్నాయి. జనం నవ్వుకుంటూ, జారుతూ పడవెక్కారు. గైడు వేలితో గాల్లో గీతలు గీస్తూ లెక్కపెట్టి, "ఇరవై నాలుగు. పోనీ!" అని సరంగుకు చెయ్యి ఊపాడు.

పడవ కదిలింది. కండక్టరమ్మ కళ్లు ముందు వరస నుంచి మొదలుపెట్టి వెనక్కి వెళ్లాయి. ఆమె మళ్లీ మొదట్నుంచీ చూసింది.

"బాబూ, ఒకరు తక్కువున్నారు."

"లేదు మేడమ్, ఇరవై నాలుగు సరిగ్గా ఉన్నారు."

"లెక్క సరిపోయింది. మనిషి సరిపోలేదు. ఈ ఫోటోగ్రాఫరు అబ్బాయి వచ్చేటప్పుడు మన పడవలో లేడు. నీలం తువ్వాలు పెద్దాయన రాలేదు."

అందరూ ఫోటోగ్రాఫరు వైపు తిరిగారు. ఆ పడవ ముందే వెళ్లిపోతే ఇందులో ఎక్కానని అతను నసిగాడు. గైడు వెంటనే వాకీటాకీ తీసి రెండో పడవను పిలిచాడు. గరగరమంటూ జవాబొచ్చింది. ఆ పడవలో పెద్దాయన ఒకరు ఒంటరిగా ఉన్నారట.

"విన్నారుగా! అటు ఎక్కేశారు" అని గైడు ఊపిరి పీల్చుకున్నాడు.

"ఆయనకి గడ్డం ఉందేమో అడుగు."

"మేడమ్..."

"అడుగు బాబూ!"

అడిగాడు. తెల్ల గడ్డం ఉందని చెప్పారు.

"అయితే ఈయన కాదు. పడవ తిప్పు."

గైడు గడియారం చూసుకున్నాడు. అయిదింటికి ఓడ బయల్దేరుతుంది. పోటు పెరిగితే దిబ్బ దగ్గర పడవ ఇరుక్కుంటుంది. ముందు వీళ్లను దించేసి, జెట్టీ నుంచి చిన్న పడవ పంపిస్తానన్నాడు. తెల్ల ప్యాంటు వేసుకున్న ఒకాయన గొంతు పెంచాడు.

"ఒక మనిషి కోసం ఇంతమందిమీ ఓడ వదులుకోవాలా? ఎక్కడో ఒడ్డునే ఉంటాడాయన. ఈవిడకెందుకండీ ఇదంతా?"

చంటిబిడ్డ తల్లి ఒకామె భయంగా బిడ్డను హత్తుకుంది. తోడికోడలు కండక్టరమ్మ చీర కొంగు పట్టుకుని లాగింది. "అక్కా, కూర్చో. వాళ్లు చూసుకుంటారు."

అందరి చూపులూ తన మీదే ఉన్నాయని కండక్టరమ్మకు తెలుసు. తను పొరబడి ఉండొచ్చనీ తెలుసు. ఆయన నిజంగా మూడో పడవ ఏదైనా ఎక్కి ఉంటే? ఓడ నిజంగా వెళ్లిపోతే? అయినా లేచి నిలబడి, పడవ పైకప్పు రేకు మీద అరచేత్తో దబదబా బాదింది.

"హోల్డాన్!"

సరంగు చెయ్యి తనంతట తానే మోటారు తగ్గించింది. పడవ పక్కలను నీళ్లు కొడుతున్న చప్పుడు ఒక్కటే వినిపించింది. సరంగు గైడును చూడలేదు, ఆమెను చూశాడు.

"గట్టిగా చెబుతున్నావా అమ్మా?"

"వచ్చేటప్పుడు నా ఎదురుగా కూర్చున్నాడయ్యా. ఆయనకి చెవులు వినపడవు. ఈల వేస్తే ఆయనకేం తెలుస్తుంది?"

సరంగు చుక్కాని తిప్పాడు. గైడు "నా మీదకి రాకూడదు, అంతే" అని గొణిగాడు.

వెనక్కి వెళ్లేసరికి దిబ్బ కనపడలేదు. కొంతసేపటి క్రితం ఇరవై నలుగురు ఎగిరి గంతులేసిన చోట బురదరంగు నీళ్లు సుడి తిరుగుతున్నాయి. మనిషి జాడ లేదు. తెల్ల ప్యాంటాయన "చూశారా?" అన్నాడు, ఈసారి నెమ్మదిగా. కండక్టరమ్మ నీళ్లమీద చూపు తిప్పుతూనే ఉంది. ఎవరూ లేరంటే తను పొరబడైనా ఉండాలి, ఆలస్యమైనా అయ్యుండాలి. రెండోది ఆలోచించలేక మొదటిదే నిజం కావాలని మనసులో దండం పెట్టుకుంది.

"రాళ్లు!" అని కేకేసింది తోడికోడలు. "అక్కా, ఆ రాళ్ల దగ్గర చూడు!"

దిబ్బ చివర్న, ఇంకా అవతల, నల్లటి రాళ్ల గుట్ట ఒకటి నీళ్లలోంచి కొద్దిగా తేలి ఉంది. దానికి మనిషి అతుక్కుని ఉన్నాడు. రొమ్ముదాకా నీళ్లు. అల వచ్చినప్పుడల్లా తల కూడా మునిగి తేలుతోంది.

పడవను రాళ్ల దగ్గరికి పోనివ్వలేదు సరంగు, అడుగు పగిలిపోతుందన్నాడు. తాడు కట్టిన రబ్బరు చక్రం విసిరాడు. మొదటిసారి అల లాక్కుపోయింది. రెండోసారి పెద్దాయనకు రెండు మూరల దూరంలో పడింది. పడవంతా ఒక్కసారిగా అరిచింది, "పట్టుకోండి! వదిలి పట్టుకోండి!" ఆయన వాళ్ల నోళ్లు చూస్తున్నాడు, ఏమీ అర్థం కావడం లేదు.

"అరవకండి, ఆయనకి వినపడదు!" అంది కండక్టరమ్మ. ఇంకో చక్రం తీసి తన తలమీదుగా దించుకుని, చంకల కింద పెట్టుకుని, చేతులు ముందుకు కట్టి చూపించింది. ఒకటికి నాలుగుసార్లు చూపించింది. పెద్దాయనకు అర్థమైంది. అర్థమై, తల అడ్డంగా ఊపాడు. రాయి వదలడానికి ఆయనకు చేతులు రావడం లేదు.

అప్పుడు గైడు చేసిన పని ఎవరూ ఊహించనిది. పచ్చటోపీ తీసి పక్కన పడేసి, తాడు కొస నడుముకు కట్టుకుని నీళ్లలోకి దూకేశాడు. ఒక అల అతన్ని రాతికేసి కొట్టింది. మోచెయ్యి చీరుకుపోయింది. రెండో అల దాటేలోపు పెద్దాయన నడుం చుట్టూ చెయ్యి వేశాడు. చెవిలో ఏం చెప్పినా లాభం లేదు కాబట్టి ఏమీ చెప్పలేదు. రాతిమీది వేళ్లను ఒక్కొక్కటే విప్పాడు. "లాగండి!" అని సరంగు అరిస్తే అందరికన్నా ముందు తాడు పట్టుకున్నది తెల్ల ప్యాంటాయనే.

పైకి లాగేసరికి పెద్దాయన అరికాళ్లూ, మోకాళ్లూ రాళ్లకంటిన గుల్లలు కోసుకుని రక్తం కారుతున్నాయి. సంచి కొట్టుకుపోయింది. పళ్లు టకటకలాడుతున్నాయి. కండక్టరమ్మ ఆయన్ని తన తువ్వాలుతో గబగబా తుడుస్తూ నోటికొచ్చినట్టు తిట్టింది. ఇంత వయసొచ్చి చెప్పాపెట్టకుండా రాళ్లెక్కడమేమిటనీ, చేపలు బజార్లో దొరకవా అనీ తిట్టింది. ఆయన అమాయకంగా ఆమె మొహంలోకి చూస్తూ ప్రతిదానికీ తలాడించాడు. తోడికోడలు ఏడుస్తూనే నవ్వింది.

ఓడ వీళ్లకోసం ఇరవై అయిదు నిమిషాలు ఆగింది. ఓడ మీద డాక్టరు పెద్దాయన కాళ్లకు కట్లు కట్టాడు. మర్నాడు పొద్దున ఒక అధికారి వచ్చి, జరిగింది రాసివ్వమని కండక్టరమ్మకు కాగితాలిచ్చి వెళ్లాడు. విచారణ కోసం ఓడలోనే ఉంచిన గైడు ఆ వెనకే వచ్చాడు. మోచేతికి కట్టుంది.

"మేడమ్, నాకు ఉద్యోగం పోతే..." అని ఆగిపోయాడు.

"కూర్చో" అంది ఆమె. "నాకూ ఒకసారి ఇలాగే కాగితం వచ్చింది. నువ్వు మొహాలు చూడకుండా లెక్కపెట్టావు, అది రాస్తాను. తిప్పనన్నావు, అదీ రాస్తాను. నీళ్లలోకి దూకింది మాత్రం నువ్వే. అది వాళ్లు అడక్కపోయినా రాస్తాను. ఇందులో ఏదీ దాచను."

గైడు వెళ్తూ "పేర్లు పిలవాలి మేడమ్. ఇకనుంచి పేర్లే పిలుస్తాను" అన్నాడు. అతని ఉద్యోగం పోలేదు. మూడు నెలలు పక్కన పెట్టి మళ్లీ తీసుకున్నారని తర్వాత తెలిసింది.

రాయడానికి కూర్చున్నప్పుడు కండక్టరమ్మ పెన్ను తోడికోడలి చేతికిచ్చేసింది. తను చెబుతుంటే తోడికోడలు రాసిపెట్టింది. కాఫీ కూడా ఆమే తెచ్చిపెట్టింది. మధ్యలో ఒకసారి కప్పు పక్కన పెట్టి, "నిన్ను కూర్చోమన్నానక్కా" అంది చిన్నగా.

"రాళ్లు చూసింది ఎవరు మరి?" అంది కండక్టరమ్మ.

మూడో ఊళ్లో ఆమె దిగలేదు. డెక్కు మీద నీడలో కూర్చుంది. కింద బీచిలో రంగురంగుల గొడుగులు, వాటి మధ్య తోడికోడలి టోపీ కనిపిస్తున్నాయి. పెద్దాయన కర్ర ఊతంతో నెమ్మదిగా వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నాడు. వినికిడి మిషన్లు సముద్రంలో కలిసిపోయాయి కాబట్టి నోటుపుస్తకం వెంట తెచ్చుకున్నాడు. ప్రెస్సు మనిషి అక్షరాలు, అచ్చు గుద్దినట్టున్నాయి.

"నేను చాలాసేపు చెయ్యి ఊపాను. తర్వాత ఊపడం మానేశాను" అని రాశాడు.

ఆమె పుస్తకం తీసుకుని "ఎందుకు?" అని రాసింది.

ఆయన కొంచెం ఆలోచించి రాసి, పుస్తకం ఆమె వైపు తిప్పాడు. "ఒక్కణ్ణే వచ్చాను కదా. పడవ వెనక్కి తిరగడం చూశాను. ఏదో వస్తువు మరిచిపోయారేమో అనుకున్నాను. నాకోసమని అనుకోలేదు."

కండక్టరమ్మ ఆ వాక్యాలు రెండుసార్లు చదివింది. ఎండ డెక్కు మీద కొంచెం జరిగింది. ఎక్కడో భోజనాల గంట మోగింది. అది ఆయనకు వినపడలేదు. ఆమె పుస్తకం మీద పెద్ద అక్షరాలతో "భోజనానికి వెళ్దాం రండి" అని రాసి, లేచి నిలబడి, చెయ్యి అందించింది.